పెళ్ళివంటకు పంపిన కట్టెలు

తమ్ముడు సవాయీకి, అమ్మవారు నిన్నూ పిల్లలనూ చల్లగా చూడాలని కోరుతూ అక్క వ్రాయునది.

మా అమ్మాయి గవరి పెళ్ళివంటకు నువ్వు పంపిన ట్రాక్టరు కట్టెలు చేరాయి. అన్నీ జమ్మి మొద్దులే. ఎక్కడివని డ్రైవరును అడిగాను.

"అమ్మవారి వనంలోవి అక్కా. సోలార్ పలకల మీద నీడ పడుతుందంట, కంపెనీవాళ్ళు కొట్టించేశారు. పారేయడమెందుకని మీ తమ్ముడు పంపాడు" అన్నాడు.

మీ బావ విని, "అమ్మవారి చెట్లు నరికి, ఆ కట్టెల మీదే ఆవిడ నైవేద్యానికి లడ్డూలు వండిస్తాడా? భలే మేనమామ దొరికాడే నీ కూతురికి!" అని నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ వనంలో రాలిన ఎండుపుల్ల ఇంటికి తెచ్చావని చిన్నప్పుడు అమ్మ నిన్ను మండుటెండలో వెనక్కి పంపింది. సోలార్ కంపెనీలో చెట్లు కొట్టే పని వచ్చాకే నీ ఇంట్లో లోటు తీరిందని తెలుసు. నువ్వు మానేస్తే ఇంకొకరు నరుకుతారనీ తెలుసు.

కట్టెలు అదే ట్రాక్టరులో తిప్పి పంపాను. వంట పిడకల మీద చేయిస్తాను.

పెళ్ళికి తప్పక రా, కడుపునిండా తిని వెళ్ళు. కానీ మేనకోడలి పెళ్ళికి వచ్చిన తోబుట్టువు అక్కకు కప్పే ఆ ఎర్ర చునరీ, ఆ మేలిముసుగు, గుమ్మంలో నా తలపై కప్పవద్దు. ఆ సంపాదనతో కొన్నది నేను కప్పుకోలేను. నువ్వు చునరీ కప్పకుండానే గుమ్మం దాటితే ఆడవాళ్ళు పాట ఆపి నా ముఖం చూస్తారు. నేను ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంటాను.

నీ అక్క