ఐదుగురిలో ఒకణ్ణి

పటాన్‌చెరు,
17-3-1994.

పూజ్యురాలైన అరుణక్కకు తమ్ముడు నాగేశ్వర్ పాదాలంటి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నామనే రాయాలి, రాస్తున్నాను. సరస్వతికి మోకాలి నొప్పి తగ్గింది, కొట్టు మెట్లు తనే ఎక్కుతోంది. కామారెడ్డిలో నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగిన కొత్త పెసర్లు శుక్రవారం బస్సులో పంపిస్తాను. ఇక రెండో ప్రశ్న. "నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదట, ఏమైంది?" అన్నావు. దీనికి జవాబు మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

కర్దనూర్ మొగులమ్మ గుర్తుందా? నీ పెళ్ళికి పాలు పోసింది ఆమే. నిరుడు వానాకాలం చివర్లో ఆమె మూడు బర్రెలు వాగు నీళ్ళు తాగి ఒకే వారంలో చచ్చిపోయాయి. బావి నీళ్ళు ఎర్రబడ్డాయి. వాగు ఎగువనున్న మందుల ఫ్యాక్టరీ మీద ఆమె సంగారెడ్డి కోర్టులో దావా వేసింది. కోర్టులో అయితే ఏళ్ళు పడుతుందని, ఐదుగురు స్థానికులు విని తీర్పు చెప్పేటట్టు రెండు పక్షాల వకీళ్ళూ ఒప్పుకున్నారు. ఆ ఐదుగురిలో నేనొకణ్ణి. నా పేరు ఫ్యాక్టరీ వాళ్ళే ఇచ్చి ఉంటారనుకున్నాను. వాళ్ళ క్యాంటీన్‌కు బియ్యం, పప్పు మన కొట్టు నుంచే కదా పోయేది.

నాలుగు ఆదివారాలు బడి గదిలో కూర్చున్నాం. నీళ్ళ పరీక్ష కాగితాలు రెండు పెట్టారు. రెండూ ఇంగ్లీషులోనే, రెండింటికీ ముద్రలున్నాయి. ఒకదాంట్లో విషం ఉందట, ఇంకోదాంట్లో లేదట. మాలో చదువుకున్నవాడు రిటైరైన పంతులు వెంకటేశ్వరరావు ఒక్కడే. అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ లెక్కలు నాకు గూడ సమజ్ అయితలేవు" అని కింద పెట్టేశాడు.

మొగులమ్మ లేచి చెప్పింది: "బర్లు సచ్చే ముందు ఒకనాడు పొద్దుగాల ఫ్యాక్టరీ ట్యాంకరొచ్చి వాగుల పైపు పెట్టింది. నా కండ్లతోని సూసిన."

ఫ్యాక్టరీ వకీలు నవ్వాడు. "దావా ఏసినామె గట్లనే చెప్తది గద."

తీర్పు రోజున ఇద్దరు ఆమె వైపు మాట్లాడారు. పంతులు రుజువు చాలదన్నాడు. మాలో నాలుగోవాడు పెద్దరాములు. మాట్లాడే ముందు నా వైపు తిరిగాడు.

"నా కొడుకులిద్దరు గాడనే పని చేస్తున్నరు సేటూ. తప్పు ఫ్యాక్టరీదని రాస్తే రేపు గేటుకు తాళం పడ్తది. నేనైతే వద్దంట. నువ్వు గూడ జెర ఆలోచించు."

ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. మిగిలింది నేను.

"కాగితాల్లో రుజువు లేదు" అన్నాను. దాంతో మొగులమ్మ దావా పోయింది.

అక్కా, సరస్వతికి కూడా చెప్పని మాట నీకు రాస్తున్నాను. ఆ ట్యాంకరును నేనూ చూశాను. ఆ రోజు తెల్లవారగానే జొన్నల బేరానికి మోపెడ్ మీద వాగు వంతెన దాటుతున్నాను. కింద ట్యాంకరు, నీళ్ళలోకి పైపు. ఘాటుకు గొంతు పట్టేసింది. ఆగకుండా వెళ్ళిపోయాను. తీర్పు చెప్పేవాడు తన ముందు పెట్టినవే చూడాలి, తనకు తెలిసినవి కావు అని గదిలో నాకు నేనే చెప్పుకున్నాను. ఆ నియమం నాకెవరూ చెప్పలేదు. దాక్కోవడానికి దొరికింది, దాక్కున్నాను.

అప్పటి నుంచి నీళ్ళ గ్లాసు ఎత్తితే అదే ఘాటు. అవే నీళ్ళు సరస్వతి తాగుతుంది, ఏ వాసనా లేదంటుంది. కొట్టులో ఒక్కణ్ణే ఉంటే ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తుంది. తలెత్తితే ఎవరూ ఉండరు. అన్నం ముద్ద గొంతు దిగదు.

మొన్న సోమవారం మొగులమ్మ ఇంటికి వెళ్ళాను. ఖాళీ కొట్టం ముందు కూర్చుని ఉంది. చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే సేటూ. ఆ పొద్దు నేను కట్ట మీదనే బర్లకాడ ఉన్న. నీ బండి ఆగుడు గూడ ఆగలే."

"మరి అందరి ముందు నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"నేను జెప్తే ఎవలు నమ్ముతరు? సూసినోడే ఐదుగుర్ల ఉంటే తనంతల తానే జెప్తడని, మా వకీలుతోని నీ పేరు నేనే రాయించిన."

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "రోడ్డుకాడి బోరింగువి, తాగు" అంది.

మర్నాడు ఇద్దరం సంగారెడ్డి వెళ్ళాం. నేను చూసిందీ, దాచిందీ వకీలు కాగితం మీద పెట్టాడు, నేను సంతకం చేశాను. ఆ తీర్పు కొట్టేయమని అర్జీ పడింది, వచ్చే నెల వాయిదా ఇచ్చారు. ఏమవుతుందో తెలియదు. నిన్న క్యాంటీన్ నుంచి ఇక సరుకు వద్దని కబురొచ్చింది. పెద్దరాములు నన్ను చూసి ముఖం తిప్పుకుని పోతున్నాడు. అతని కొడుకుల పని పోతే అదీ నా మూలంగానే.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. అర్జీ మీద మొగులమ్మ వేలిముద్ర వేయాలి. గుమాస్తా ఆమె బొటనవేలికి సిరా పూసి కాగితానికి అద్దాడు. తుడిచి, ఇంకో రెండుసార్లు అద్దాడు. మూడుసార్లూ నున్నటి నల్ల మరకే పడింది.

"వేలి గీతలేవమ్మా?" అన్నాడు.

"బాయి నీళ్ళల్ల పోయినయ్ సారూ" అంది మొగులమ్మ.

ఇట్లు,
నీ తమ్ముడు
నాగేశ్వర్