ఆరని బల్బు

శుక్రవారం రాత్రి

పోలమ్మ చావును సుబ్బరామిరెడ్డి తన డ్రైవర్ రమణయ్యన్న నెత్తిన రుద్దాడు. మొన్న ఆమెకు కాన్పు నొప్పులు వస్తే నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్దామని చూశాం. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కారు, రెడ్డి పాతకారు, హ్యాండిల్ తిప్పినా, నెట్టినా స్టార్టు కాలేదు. ఎద్దులబండిలో వెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. డ్రైవర్ లైట్లు ఆర్పకుండా నిద్రపోయి బ్యాటరీ దింపేశాడని రెడ్డి అతన్ని పనిలోంచి తీసేశాడు.

తాళాలు అప్పగించే ముందు, ఛార్జి చేయించి తెచ్చిన బ్యాటరీని రమణయ్యన్నా నేనూ బిగించాం. స్విచ్చులన్నీ ఆపే ఉన్నాయి. అయినా తీగ తాకించగానే నిప్పురవ్వ లేచింది.

"కరెంటును ఏదో తాగేస్తా ఉండాది అబ్బాయా," అన్నాడు రమణయ్యన్న.

ఒక్కో తీగా ఊడదీసి చూశాం. కారులో దేవుడి పటం ముందున్న ఎర్రబల్బు తీగ తీశాకే రవ్వ ఆగింది. దీపం కొండెక్కకూడదని రెడ్డే దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపించాడట. పోలమ్మకు నొప్పులు రాకముందు వారంపాటు కారు షెడ్డులోంచి కదల్లేదు, బల్బు మాత్రం ఆరలేదు.

రెడ్డికి చూపిస్తే, ఊళ్ళో కరపత్రాలు పంచే నా మీద మండిపడ్డాడు. "దేవుడి మీద నింద వేస్తావంట్రా, కరపత్రాల మొగమా!"

"వదిలెయ్ అబ్బాయా, దేవుడితో నాకేం తగాదా," అని రమణయ్యన్న తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషిని చంపినవాడన్న పేరుతో రేపు ఇతనికి ఏ బండి ఇస్తారు? పోలమ్మ మొగుడు కోటయ్య కూడా అతని మొహం చూడటం లేదు. నేను పిలిస్తే వస్తాడో రాడో...

రావాలి. ఆ రవ్వను కోటయ్య కళ్ళారా చూడాలి. రేపు పొద్దున ఆరు గంటలకు రెడ్డి కారు షెడ్డు ముందుకు పల్లెంతా రావాలి!