వేరు జాగ్రత్త

ప్రియమైన మామయ్యగారికి,

మేం ఇల్లు మారి పది రోజులైంది. వంటగదిలో ఒకరు తిరిగితే ఇంకొకరు గుమ్మంలో నిలబడాల్సిందే. కానీ బడికి నడిచే వెళ్తున్నాను, రోజూ రెండు బస్సులు మారే బాధ తప్పింది.

బయలుదేరేటప్పుడు మీరు గదిలోంచి రాలేదు. గులాబీ అంటు మాత్రం మీ అబ్బాయి చేతికిచ్చి పంపారు. దానికి కట్టిన అట్టముక్క చదివి ఏడ్చాను. "వేరు జాగ్రత్త" అట. వేరు పడ్డామనే కదా ఆ దెప్పిపొడుపు? మీ అబ్బాయి "నాన్న సంగతి తెలిసిందేగా, వదిలెయ్" అంటారు. నావల్ల కాదు. కోపం లేదని మీ చేత్తో రాస్తేగానీ మీ గడప తొక్కలేను.

మీ కోడలు

ప్రియమైన పంతులమ్మకి,

పిల్లలకి అక్షరాలు నేర్పేదానివి, ఇదా చదవడం? నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. విడిపోవడాన్ని చెప్పే "వేఱు"కి పాతకాలంలో బండి ర ఉండేది. చెట్టు వేరుకి మామూలు ర. పుట్టుకతోనే అవి రెండు మాటలు. బండి ర మూలపడ్డాక ఒకే వేషం కట్టి నీలాంటివాళ్లని ఏడిపిస్తున్నాయి. నా రాతలో మాత్రం బండి ర ఇంకా బతికే ఉంది. నీ అట్ట మీద మామూలు ర ఉంది చూసుకో. కొత్త వేరు లేతది, నీళ్లు ఎక్కువైతే కుళ్లుతుంది. అంతే!

ఆదివారం రండి. మీ అత్తయ్య నాతో సరిగ్గా మాట్లాడి పది రోజులు దాటింది.

తప్పు రాయని
మీ మామయ్య

ప్రియమైన మామయ్యా,

మీ ఉత్తరం చదివి లెంపలేసుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. అట్ట తడిసిపోతుందని విప్పి, ఎందుకో వెనక్కి తిప్పాను. "వేఱు కాపురం మీకు, బోసి ఇల్లు మాకు." నిండుగా, గుండ్రంగా బండి ర! దాని మీద మీ ప్రూఫుల్లో ఉండే కొట్టివేత గీత.

ఇప్పుడు నేను నవ్వాలా, ఏడవాలా? నిజం చెప్పండి.

దొంగని పట్టిన
మీ కోడలు

ప్రియమైన తల్లికి,

దొరికిపోయాను. అది కోపంతో రాసిందే. ఆ కోపంతోనే అంటుని తల్లి మొక్క నుంచి కోద్దామని వెళ్లాను. మట్టి కదిపి చూస్తే తెల్లగా గుప్పెడు వేళ్లు. ఎప్పుడో సొంతంగా నీళ్లు తాగడం మొదలెట్టింది. కోయడానికి నాకే చేతులు రాక ఇన్నాళ్లూ ఆపాను. కోసేశాక లోపలికొచ్చి, అట్ట తిప్పి మళ్లీ రాశాను. మీకు ఎదురుపడే ముఖం మాత్రం లేకపోయింది.

దిద్దిన ప్రతే లెక్కలోకి వస్తుందమ్మా. ఆదివారం మీరిద్దరూ రండి, ఆ అట్ట మాత్రం తేవద్దు. మీ అత్తయ్య కంటపడిందంటే ఈ వయసులో నేను పెట్టుకోవాలి వేఱు కాపురం, బండి ర తో సహా.

మీ మామయ్య