క్రిమి పేరు

అత్తా,

లోపలికి రావడానికి మొహం చెల్లక ఈ కాగితం నర్సమ్మ చేతికిస్తున్నాను.

మొన్న మామయ్య మెదడులోంచి తీసిన చీము పరీక్ష ఫలితం పట్టుకుని డాక్టరు రాగానే మీరు నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు సగం డాక్టరువే కదమ్మా, ఆయన మళ్లీ మాట్లాడతారా అడుగు" అన్నారు. నేనేమడిగాను? "ఏ క్రిమి, డాక్టర్?" అని. పేరు చెప్పగానే నవ్వాను కూడా. మీరు చూశారు.

సగం డాక్టరునీ కాదు, పాడూ కాదు. అమెరికా ఆసుపత్రుల ఫైళ్లు చదివి బీమా బిల్లుల కోసం రోగాలకి కోడ్‌లు వేసే గుమాస్తాని. మెదడులో చీము అని ఉంటే చాలదు, క్రిమి పేరు దొరికితేనే మాకు ఫైలు పూర్తవుతుంది. చాలామంది డాక్టర్లు రాయరు, వెంటపడి అడగాలి. ఈయన అడగగానే చెప్పేసరికి నాకు హాయిగా అనిపించింది. ఎదురుగా మామయ్య మాట పడిపోయి ఉండగా! తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తోంది.

ఇవాళ సెలవు పెట్టి, డాక్టరుగారి క్లినిక్‌కి వెళ్లి మీరడగమన్నదే అడిగాను. మాట వస్తుందట అత్తా, కాస్త ఆలస్యంగా.

మాట వచ్చాక మామయ్యని ముందు నన్నే తిట్టమనండి. కింద మెట్ల మీద కూర్చున్నాను.

మీ మేనకోడలు