కూర్చున్నవాళ్ళం

మార్చి 3, మంగళవారం

బావమరిది పోరు పడలేక నేనూ పోలీసుల గస్తీ వాలంటీర్లలో చేరాను. నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. కాలిపోయిన మోటారైతే బాగుచేస్తాను గానీ, దొంగలెత్తుకుపోయిన మోటారుకి నేనేం చెయ్యను? రాగి తీగ కోసం పొలాల్లో ఒక్కటీ మిగల్చడం లేదు. మన షాపు మూతపడేదాకా చూస్తూ కూర్చుంటావా బావా అని మావాడు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.

స్టేషన్ వెనక షెడ్డులో ట్రైనింగ్. ఇన్‌స్పెక్టరమ్మ మనిషి పొట్టి, గొంతు మాత్రం పిండిమర. దొంగ దొరికితే ఒక్క దెబ్బ కూడా వెయ్యొద్దంది. కిందటేడు పక్క ఊళ్ళో ఎవణ్ణో కొట్టి చంపేశారట, ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నారట. అందుకే ఆవిడో పద్ధతి కనిపెట్టింది. దొరికినవాణ్ణి కట్టేసి నేల మీద కూర్చోబెట్టాలి. మనం వాడికి వీపు తిప్పి చుట్టూ కూర్చోవాలి. మోచేతులు ఒకరివి ఒకరు మెలివేసుకోవాలి. జీపు వచ్చేదాకా లేవకూడదు. నిలబడి ఉంటే కాళ్ళు ఊరుకోవయ్యా అంది. అలా కూర్చుంటే బయటి జనం లోపలికి రాలేరు, మన చేతులూ మన దగ్గర ఉండవు.

ప్రాక్టీసు చేయించింది. నేను లేవడానికి అవస్థ పడుతుంటే, మా బావని లేపడానికి ఇంకో జీపు కావాలి మేడమ్ అన్నాడు మావాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మార్చి 8, ఆదివారం

జాకెట్లు, విజిళ్ళు ఇచ్చారు. నాకు పొట్ట దగ్గర జిప్పు పడలేదు. మా ఆవిడా మావాడూ, అక్కాతమ్ముళ్ళిద్దరూ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

మార్చి 14, శనివారం. ఉదయం

మావాడి తల పగలగొట్టారు.

తెల్లవారగానే మోటారు వెయ్యడానికి పొలం వెళ్ళాడు. ఇద్దరు మనుషులు మోటారు విప్పి మోసుకుపోతున్నారు. ఇదంతా గట్టు మీంచి పాలవాడు చూశాడు. మావాడు విజిల్ ఊదుతూ అడ్డం వెళ్ళాడట. గునపంతో కొట్టారు. పడ్డాక కూడా కొట్టారు. ఇద్దరిలో కొట్టిందెవడో అంత దూరం నుంచి పాలవాడికి ఆనలేదు.

నేను వెళ్ళేసరికి విజిల్ ఇంకా పళ్ళ మధ్యే ఉంది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మోగుతోంది. చెవి తెగి వేలాడుతోంది. దాని పైన తెల్లగా ఎముక. తువ్వాలు పెట్టి అదిమాను. తువ్వాలు తడిసి నా చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. ఒరేయ్ ఒరేయ్ అంటున్నానే తప్ప పేరు నోటికి రాలేదు.

మార్చి 15, ఆదివారం

ఐసీయూ. వాడికి స్పృహ లేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడు పాలు తాగే పిల్లాడు, మా ఆవిడే ఎత్తుకు పెంచింది. పెళ్ళయ్యాక కూడా వాణ్ణి వెంటబెట్టుకునే నా ఇంటికి వచ్చింది. ఆ మనిషి నిన్నటి నుంచి ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. దొరికితే నాకు చూపిస్తారా అని మాత్రం అడిగింది. చూపిస్తాను అన్నాను.

మార్చి 17, మంగళవారం. సాయంత్రం

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున మొక్కజొన్న చేలు గాలించాం, పోలీసులు కాలవకి అటు, మేము ఇటు. మావైపు ఒకడు దొరికాడు. తూములో ముడుచుకుని ఉన్నాడు, పక్కన రాగి తీగ చుట్ట. రెండోవాడు అవతలి గట్టెక్కి పరుగెత్తాడు. ఇన్‌స్పెక్టరమ్మ వాడి వెంట పడింది. చుట్టూ తిరిగి రావాలి, పద్ధతి ప్రకారం కూర్చోండి, వచ్చేస్తాను అని ఫోన్‌లో అరిచింది.

కూర్చున్నాం. మా టీముకి పెద్దని నేనే.

కబురు ఊరంతా పాకింది. జనం కర్రలతో వచ్చారు. మా మీదికి ఎక్కబోయారు, మేము విడవలేదు. రాళ్ళు పడ్డాయి. నా పక్కన కూర్చున్న లారీ డ్రైవరుకి పెదవి చీలి పన్ను ఊడింది. ఊడిన పన్ను ఉమ్మేసి, కూర్చుంటామన్నాం కదరా, కూర్చుంటాం అన్నాడు. ఎవడో నా భుజం మీంచి కర్ర దూర్చి లోపలున్నవాణ్ణి పొడిచాడు. వాడు నేను మోశానంతే అన్నా, కొట్టింది నేను కాదన్నా అని నా వెనక ఏడుస్తూనే ఉన్నాడు. నిజమో అబద్ధమో దేవుడికే తెలియాలి. నాకు మాత్రం వాడి పీక పిసకాలనిపించింది. చేతులు నా దగ్గర లేవు.

కాసేపటికి జనం అలిసిపోయారు. వాడు మంచినీళ్ళు, మంచినీళ్ళు అని మొదలుపెట్టాడు. మా ఇల్లు అక్కడికి దగ్గర. ఒక చెయ్యి విడిపించుకుని మా ఆవిడకి ఫోన్ చేసి దొంగ దొరికాడు, నీళ్ళు పట్రా అన్నాను. కట్టేసి ఉన్నవాణ్ణి చూస్తే తన కడుపులో మంట కాస్త తగ్గుతుందనుకున్నాను. సరే అంది.

సంచీ భుజాన వేసుకుని సీసాతో వచ్చింది. జనం తప్పుకున్నారు. నేనే మోచెయ్యి వదిలి లోపలికి దారిచ్చాను. మళ్ళీ మెలివేశాను.

ఇక ఆ తర్వాతిదంతా వీపు వెనక విన్నదే. సీసా మూత తీసిన చప్పుడు. వాడు గుటకలు వేశాడు, ఆవురావురుమని, మధ్యలో పొలమారింది. నెమ్మదిగా తాగు, ఇంకా ఉన్నాయి అంది. వాడు అక్కా అన్నాడు. మళ్ళీ తాగాడు. సీసా మూత పెట్టింది.

దెబ్బ చప్పుడు చిన్నదే. ఎదురుగా ఉన్న జనం మొహాలు మారిపోవడం చూసి నాకు అర్థమయింది. లేవబోయాను. ఇటు లారీ డ్రైవరు చెయ్యి, అటు ఇంకొకడి చెయ్యి, అందరూ ఒకేసారి లేవబోయి ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం. ఆలోగా మూడోదో నాలుగోదో పడింది. వెనక్కి తిరిగేసరికి వాడి కణత లోపలికి పోయి ఉంది. తాగిన నీళ్ళు ముక్కులోంచి రక్తంతో కలిసి కారుతున్నాయి. కాళ్ళు కాసేపు తన్నుకుని ఆగిపోయాయి.

మా ఆవిడ చేతిలో నా షాపు సుత్తి. బేరింగులు ఊడగొట్టేది. దాన్ని సంచీలో పెట్టుకుని, సీసా తీసుకుని, వచ్చిన దారినే ఇంటికెళ్ళిపోయింది. ఎవ్వరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

మార్చి 18, బుధవారం

స్టేట్‌మెంట్. అందరిదీ ఒకటే మాట, మేం అటు తిరిగి కూర్చున్నాం, చూడలేదు. జనం కూడా చూడలేదట! లారీ డ్రైవరు మూతి వాచిపోయి మాట రాకపోయినా తల అడ్డంగా ఊపాడు.

ఇన్‌స్పెక్టరమ్మ నన్ను చివర్లో పిలిచింది. రెండోవాడు చిక్కలేదు, ఆవిడ బూట్లకి ఇంకా బురద ఉంది. ఒక్కటే అడిగింది, నీళ్ళు ఎవరిచ్చారని. జనంలో ఎవరో అన్నాను. నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. నా మాట నమ్మి మీరు రాళ్ళదెబ్బలు తిన్నారు, మీ మాట నేను రాసుకుంటాను అంది. తిట్టినా బాగుండేది.

మార్చి 20, శుక్రవారం

బేరింగ్ ఊడగొట్టాలి. సుత్తి కడిగి దాని చోట్లో పెట్టి ఉంది. ముట్టుకోలేకపోయాను.

మార్చి 22, ఆదివారం

మావాడు కళ్ళు తెరిచాడు! అక్కని గుర్తుపట్టాడు. కొట్టిందెవరో గుర్తులేదట, అసలు పొలం వెళ్ళినట్టే గుర్తులేదట. మా ఆవిడ వాడి పాదాలు పట్టుకుని అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రి మొత్తం వినపడేలా ఏడ్చింది. దొంగ దొరికాడా బావా అని అడిగాడు. పడుకోరా అన్నాను.

మార్చి 25, బుధవారం

మధ్యాహ్నం షాపుకి ఒక ముసలావిడ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. చచ్చిపోయినవాడి తల్లినంది.

గొడవకి వచ్చిందనుకున్నాను. మా ఆవిడ తడిక వెనక కూర్చుని మోటార్లలో తీగల కింద పరిచే కాగితం కత్తిరిస్తోంది. ముసలావిడ దొంగతనం గురించి ఎత్తలేదు, చంపిందెవరని అడగలేదు. వాడు దాహానికి ఆగలేడు బాబూ, చిన్నప్పట్నుంచీ అంతే, చివర్లో గుక్కెడు నీళ్ళయినా దొరికాయా అని అడిగింది. తాగాడమ్మా, కడుపునిండా తాగాడు అన్నాను. ఎవరిచ్చారు నాయనా అంది.

జనంలో ఎవరో అనబోయాను. మా ఆవిడ అన్నాను.

ముసలావిడ రెండు చేతులూ ఎత్తింది. ఆ తల్లి చల్లగా ఉండాలి, ఆమె కడుపు చల్లగా ఉండాలి అంది. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తడిక వెనక కత్తెర చప్పుడు ఆగిపోయింది. సాయంత్రం దాకా మళ్ళీ వినపడలేదు.

మార్చి 26, గురువారం. ఉదయం

లేచేసరికి మా ఆవిడ ఇంట్లో లేదు. సుత్తి కూడా లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ చేసింది. వస్తున్నానన్నాను, నేను చెప్పిన అబద్ధం కూడా దిద్దించుకోవాలి. మా ఆవిడ తెల్లవారకముందే సుత్తితో స్టేషనుకి వచ్చి అన్నీ తనే చెప్పేసిందట. చెప్పాక గొంతు ఎండిపోయి మాట పెగలడం లేదట. గ్లాసుతో మంచినీళ్ళిస్తే రెండు చేతులతో పట్టుకుని కూర్చుందట, ఎంత చెప్పినా తాగడం లేదట.