నా ఎత్తు బెల్లం

హనుమకొండ,
ఫిబ్రవరి 3.

సిస్టర్ రోజ్‌లిన్ గారికి నమస్కారాలు.

భారత పౌరసత్వం కోసం నేను పెట్టుకునే దరఖాస్తుకు సాక్షి సంతకం చేస్తానన్నారు. దాని గురించే రాస్తున్నాను.

నాన్న కాంట్రాక్టు పని మీద రెండేళ్ళు డల్లాస్‌లో ఉన్నప్పుడు పుట్టాను కాబట్టి నాది అమెరికా పాస్‌పోర్టు. అది వదులుకుంటే నాకిక్కడ ఓటు వస్తుంది, గ్రంథాలయంలో ప్రభుత్వోద్యోగానికి రాసుకోవచ్చు. ఉంచుకుంటే, నేను అక్కడ స్థిరపడి ఇంట్లోవాళ్ళను పిలిపించుకోవచ్చు. ఎన్నిసార్లు ఆలోచించినా వదులుకోవడమే నాకు మేలనిపించింది. ఇంట్లో చెప్పలేదు.

మొన్న మేడారం జాతరలో నానమ్మ నన్ను త్రాసులో కూర్చోబెట్టి, నా బరువంత బెల్లం తల్లులకు సమర్పించింది. నేను అందరినీ అమెరికా తీసుకుపోతే ఇస్తానని మొక్కుకుందట.

"ఇంకా ఎవరం పోనేలేదు కదా నానమ్మా" అన్నాను.

"అందుకే ముందుగాల్నే ఇచ్చిన బిడ్డా! ఇగ నువ్వు పోనంటె తల్లుల ముంగట నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

అందరూ నవ్వారు. త్రాసులో కూర్చునే నేనూ నవ్వాను.

సంతకం వద్దని మీకు రాద్దామనుకున్నాను, రాయలేకపోతున్నాను. దయచేసి సంతకం చేసి, తేదీ మాత్రం వేయకుండా మీ దగ్గరే ఉంచండి సిస్టర్.

మీ పాత విద్యార్థిని