మెట్టుకు రెండు ఆషాఢాలు

హోసూరు, మంగళవారం

అన్నకు పరిమళ నమస్కారాలు. నా ఒంటికి ఏమీ కాలేదు, భయపడవద్దు. ఫోనులో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను.

మేడ మీద అద్దెకున్న శ్రీకాకుళం అమ్మాయి సింధు, మెట్టు విరిగిందని నెల కిందటే చెప్పింది. ఆషాఢం పోనీ అన్నాను. శ్రావణం రాగానే మళ్లీ అడిగింది. “ఈడ మాకు అరవ లెక్కన ఆషాఢం, ఆడి నెల, ఇంగా ఉందమ్మా, ఇంటిపని మొదలుపెట్టకూడదు” అన్నాను. పక్కనే ఉన్న వాళ్ల అత్త కాంతమ్మ, “మీ మెట్టుకి రెండు ఆషాఢాలేటండీ!” అని నవ్వింది.

నిన్న పొద్దున ఆమే ఆ మెట్టు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మళ్లీ నడుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. దీపం పెడుతున్నాను గానీ దేవుడి ముఖం చూడలేకపోతున్నాను.

వదిన మోకాలినొప్పి తగ్గిందా? పట్టుపురుగులు ఈసారైనా బాగా గూళ్లు కట్టాయా? మీ కెలమంగలం మేస్త్రీ మురుగన్‌ను కార్డు అందిన రోజే పంపించు. ఆడి పోనీ అంటాడు. ఆ మాట నేను ఇక వినలేనని చెప్పు.

పిల్లలు చల్లగా ఉండాలి.

నీ చెల్లెలు
పరిమళ